రైఫిలు మీద నుంచి లైటు దించండి

టెక్సస్‌లో రాత్రిపూట కయోటీల వేటకు పోతున్న మన తెలుగు తమ్ముళ్లకు,

మొన్న శనివారం రాత్రి మీ పికప్ వెనకాల ఐస్ పెట్టె మీద కూర్చున్నది నేనే. ఒంటిగంట దాకా కుందేలు చావుకేకలా వినపడే ఈల ఊదారు, లైట్లు తిప్పారు, తోడేలుకు తమ్ముడిలాంటి ఆ అడవి జంతువు, కయోటీ, ఒక్కటి కూడా రాలేదు. దిగేటప్పుడు "ఎలా ఉందన్నా?" అని అడిగారు. "బాగుంది" అనేసి కారెక్కాను. బాగాలేదు. పిలిచి కూర్చోబెట్టుకున్నవాళ్ల మొహం మీద ఎలా అంటామని మొహమాటపడ్డాను. ఇంటికొచ్చాక నిద్రపట్టలేదు. ఆ రోజు అనాల్సింది ఇప్పుడు రాస్తున్నాను. మీ నలుగురికే పంపితే సరిపోయేది కానీ డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ చుట్టూ ఇలా వారాంతాల్లో వేటకు బయల్దేరే మన కుర్రాళ్ల బృందాలు ఇంకా చాలా కనపడుతున్నాయి. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను. మీ పేర్లు రాయను. మనం వెళ్లిన పశువుల ర్యాంచి పేరూ రాయను.

వేట మానమని చెప్పటానికి కాదు ఇది. నేనూ వేటాడతాను. దేశంలో అన్నిటికంటే ఎక్కువ మేకలూ గొర్రెలూ ఉన్న రాష్ట్రం ఇదే. ఈనే కాలంలో మంద మీద కయోటీలు పడితే ర్యాంచివాళ్ల గతేమిటో దగ్గర్నుంచి చూశాను. రాత్రిపూట ఈల వేసి, లైటు వేసి వాటిని కొట్టటం ఇక్కడ కొత్తా కాదు, దొంగతనమూ కాదు. మార్బుల్ ఫాల్స్‌లో బర్న్‌హాం సోదరులు 1950లలోనే ఈలలు తయారుచేసి అమ్మారు. నా గొడవంతా లైటు ఎక్కడ పెట్టారన్న దాని మీదే.

మీ నాలుగు రైఫిళ్లకూ లైట్లు బిగించి ఉన్నాయి. విడిగా ఒక్క టార్చీ లేదు. అంటే చీకట్లో ఏది చూడాలన్నా రైఫిలు అటు తిప్పాల్సిందే. రెండో గేటు దగ్గర గొలుసు కొక్కెం కనపడక మీలో ఒకరు రైఫిలెత్తి లైటు వేశారు. గుర్తుందా? ఆ కొక్కెం పట్టుకుని నిలబడింది నేను. లైటు నా చేతుల మీద పడింది, తర్వాత నా కడుపు మీదికి జారింది. "థాంక్సన్నా" అన్నారు. గుళ్లు నింపలేదని అన్నారనుకోండి, నింపలేదన్న సంగతి కొక్కెం దగ్గరున్నవాడికి ఎలా తెలుస్తుంది?

ఇంకో గంటకు ఎవరో "కళ్లు! కళ్లు!" అని అరిచారు. మూడు రైఫిళ్లు ఒకేసారి లేచాయి. ఒకటి డ్రైవరు నెత్తి మీదుగా తిరిగింది. ఆ కళ్లు ఒక దూడవి. తల్లి పక్కనే పడుకుని ఉంది, అది లేచేదాకా మనకు కనపడనే లేదు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, దానికి సిగ్గుపడుతున్నాను.

పెద్దమనిషిలా నీతులు చెప్తున్నాడని అనుకుంటారేమో, నా బాగోతం కూడా వినండి. 2016 ఫిబ్రవరి. శాన్ ఆంజెలోకు దక్షిణాన ఒక మేకల ర్యాంచి. మేకపిల్లల్ని కయోటీలు ఎత్తుకుపోతున్నాయి, వచ్చి కూర్చోమని ఆ ర్యాంచి పెద్దాయన పిలిచాడు. నా దగ్గరున్నది ఎర్ర లైటు, రైఫిలుకే బిగించింది, అచ్చం మీలాగే. ఒక్కణ్నే వెళ్లాను. గాలి మొహానికి కొట్టేలా జునిపర్ చెట్టుకు వీపు ఆనించి కూర్చుని కుందేలు చావుకేక మొదలుపెట్టాను. పది నిమిషాలు దాటాక కుడిపక్క గడ్డిలో రెండు కళ్లు లేచాయి. రెండూ ముందుకే చూస్తున్నాయి, నేరుగా నా మీదికే వస్తున్నాయి, కయోటీ ఎలా రావాలో అలాగే. నూట ఇరవై గజాలు. వంద. ఎనభై. స్కోపు గీతలు ఆ రెండు కళ్ల మధ్య నిలిచాయి. ట్రిగ్గరు పడకుండా ఆపే సేఫ్టీ తీశాను.

అప్పుడది ఆగింది. తల పక్కకు తిప్పి తోక ఊపింది. గుబురు తోక, వీపు మీదికి చుట్టుకుని ఉంది. కయోటీ తోక పరిగెత్తేటప్పుడు కిందికి వేలాడుతుంది. అది కయోటీ కాదు, గ్రేట్ పిరనీస్, మేకలకు కాపలా ఉండే కుక్క. పగలు చూస్తే పాలలా తెల్లగా ఉంటుంది. కానీ ఎర్ర లైటులో తెలుపెక్కడిది, గోధుమ రంగెక్కడిది? అన్నీ ఒకే ఎరుపు. మంద పక్కన ఏదో ప్రాణం పోతున్నట్టు కేక వినపడితే చూడటానికి పరిగెత్తుకొచ్చింది. దాని ఉద్యోగమే అది. కుక్కలున్నాయా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. రైఫిలు ఖాళీ చేసి పక్కన పెట్టేసరికి నా మోకాళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. కుక్క తీరిగ్గా వచ్చి నా బూట్లు వాసన చూసి, చెట్టు మీద కాలెత్తి, మంద వైపు పోయింది. పొద్దున్న పెద్దాయనకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన తిట్టలేదు. "లైటు చేత్తో పట్టుకో" అన్నాడు. ఆ ఒక్క ముక్కే మీకూ చెప్దామని ఇంత ఉత్తరం.

లైటుకు మీరు చూసేది జంతువును కాదు, దాని కంటి వెనకున్న అద్దాన్ని. టాపీటం లూసిడం అంటారు దాన్ని. రెటీనాను దాటి లోపలికి పోయిన వెలుగును ఆ పొర వెనక్కి తోస్తుంది. ఆ వెలుగు వచ్చిన దారినే తిరిగిపోతుంది కాబట్టి లైటు మీ కంటికి దగ్గరగా ఉంటేనే మెరుపు బాగా కనపడుతుంది. నడుం దగ్గర పట్టుకున్న టార్చి కంటే నెత్తికి కట్టుకున్నది నయం అనేది అందుకే. ఈ అద్దం కయోటీకి ఉంది, నక్కకు ఉంది, బాబ్‌క్యాట్ అనే అడవిపిల్లికి ఉంది. ఆవుకు, జింకకు, మేకకు, గుర్రానికి, పెంపుడు కుక్కకు, ఇంటి పిల్లికి కూడా ఉంది. పందికి లేదు, మనిషికి లేదు. అంటే మీ లైటు కట్టేసిన గుర్రాన్ని చూపిస్తుంది కానీ కంచె దాటి వస్తున్న మనిషిని చూపించదు. చిన్నప్పుడు పొలం గట్టున రెండు నిప్పుకణికలు చూసి కొరివిదయ్యమని చెప్పులొదిలేసి పరిగెత్తినవాణ్ని నేను. అది మా పక్కింటి పిల్లి. దయ్యమనుకోవటానికీ కయోటీ అనుకోవటానికీ పెద్ద తేడా లేదు, రెండూ మనసులో ముందే ఉన్నవే.

కళ్ల రంగును బట్టి జంతువును పోల్చుకోవచ్చని మీలో ఒకరు చెప్తున్నారు, పచ్చగా మెరిస్తే ఒకటి, నారింజ రంగైతే ఇంకొకటి అని. దాని మీద ఒక్క గుండు కూడా ఖర్చుపెట్టకండి. అదే జంతువు తల కాస్త తిప్పితే రంగు మారుతుంది, లైటు మారిస్తే మారుతుంది. ఇంకో చిత్రం చెప్తాను. హెడ్‌ల్యాంపు పెట్టుకుని వేసవిలో పచ్చిక వైపు చూడండి, నేలంతా వజ్రాలు చల్లినట్టు మెరుస్తుంది. అవి మంచు బొట్లు కావు, సాలీళ్ల కళ్లు. వుల్ఫ్ స్పైడర్ అనేదానికీ ఈ అద్దం ఉంది. చిన్న మెరుపంటే దూరంగా ఉన్న పెద్ద జంతువని లెక్కేస్తే పది అడుగుల్లో ఉన్న సాలీడుకు గురిపెట్టి కూర్చుంటాం. నేను కూర్చున్నాను కూడా.

కళ్లలో నమ్మదగింది కదలిక ఒక్కటే, అదీ సగమే. మేసే జంతువు తల వంచుతుంది, ఎత్తుతుంది, నెమ్మదిగా నములుతుంది. దాని కళ్లు పక్కలకు ఉంటాయి కాబట్టి ఒక్కోసారి ఒక్క కన్నే వెలుగుతుంది. ఈలకు వచ్చేది నేలకు దగ్గరగా గెంతుతూ వస్తుంది, ఆగుతుంది, గాలి వాలుకు చుట్టు తిరుగుతుంది. ఇదంతా అనుమానానికి పనికొస్తుంది. కాల్చటానికి పనికిరాదు. కాల్చాలంటే చెవులు, మూతి, ఒళ్లు, తోక కనపడాలి. కనపడకపోతే పోనివ్వండి, రేపు మళ్లీ వస్తుంది.

ఎర్ర లైటు కయోటీకి కనపడదు అన్న మాట కూడా ఆ రాత్రి చాలాసార్లు విన్నాను. కనపడుతుంది. కుక్కజాతి కంట్లో రంగు పట్టే కోన్ కణాలు రెండే రకాలు. వెలుగు రంగును దాని అల పొడవుతో, నానోమీటర్లలో కొలుస్తారు. ఒకటి నీలం వైపు, దాదాపు 430 నానోమీటర్ల దగ్గర. రెండోది పసుపు కలిసిన ఆకుపచ్చ వైపు, 555 దగ్గర. మన ఎర్ర లైట్లు 620 దాటి ఉంటాయి కాబట్టి వాటికది మసకగా కనపడుతుంది తప్ప మాయమైపోదు. రెండు వందల గజాల్లో సర్దుకుపోయే మసక వెలుగు, నలభై గజాల్లో నేరుగా కళ్లల్లో కొడితే దానికీ తెలుస్తుంది. ఎరుపు వల్ల అసలు లాభం మనకే. చీకటికి మన కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు పడుతుంది, ఎర్ర లైటు దాన్ని పెద్దగా చెడగొట్టదు. తెల్ల లైటు ఒక్కసారి వెలిగిస్తే మళ్లీ మొదటికి. మీరు ఐస్ పెట్టెలో సోడా వెతకటానికి ఫోన్ లైటు వేసినప్పుడల్లా నలుగురూ గుడ్డివాళ్లైపోయారు, తర్వాత అరగంట ఈల దండగ.

పచ్చ లైటు దూరం పోతుందంటారు, అది నిజమే. మన కంటికి పచ్చ ఎక్కువ కాంతిగా తోస్తుంది కదా. కయోటీకి కూడా అంతే. రంగు గొడవ ఇంతటితో వదిలేస్తాను. రంగు మీద అరగంట వాదించుకుని లైటు ఎలా పట్టాలో ఒక్క నిమిషం కూడా మాట్లాడుకోకపోవటమే నాకు వింతగా అనిపించింది.

ఎలా పట్టాలంటే, ముందు ఇద్దరిద్దరుగా విడిపోండి. ఒకడు లైటు, ఒకడు రైఫిలు. లైటువాడి చేతిలో ఆయుధం ఉండదు, రైఫిలువాడి రైఫిలు ఒళ్లో ఉంటుంది, మూతి ఖాళీ వైపు. లైటువాడు ఈల మొదలవకముందే వెలిగిస్తాడు, ఈల ఆగేదాకా ఆర్పడు. మీరు వెలిగించి ఆర్పి వెలిగించి ఆర్పి కార్నివాల్ చేశారు. దూరాన ఎప్పట్నుంచో అలా మెల్లగా తిరుగుతున్న వెలుగుకు జంతువు అలవాటు పడుతుంది. ఠక్కున పుట్టిన వెలుగుకు బెదురుతుంది. వెలుగు నడుమ భాగాన్ని నేల మీదికి దించకండి. చెట్ల కొసల ఎత్తులో ఉంచి, కింది అంచు, ఆ పలుచటి వెలుగు మాత్రమే గడ్డిని తాకేలా తిప్పండి. కళ్లు మెరవటానికి ఆ అంచు చాలు. కళ్లు దొరికాక తిప్పటం ఆపి, అదే అంచులో పట్టుకుని రానివ్వండి. ఈల వేసే పెట్టెను మీకు నలభై గజాల అవతల పెడితే దాని చూపు అటుంటుంది, మీ మీద ఉండదు.

మీ బృందంలో మార్చుకోమని నేను నిజంగా అడిగేది ఇక్కడుంది. కాల్చాలా వద్దా అన్నది లైటువాడు చెప్పాలి, రైఫిలువాడు కాదు. స్కోపులో కన్ను పెట్టినవాడికి ఆ చిన్న వలయం తప్ప లోకం కనపడదు, పైగా వేలు దురద. లైటువాడికి పొలమంతా కనపడుతుంది. తోక చూస్తాడు, వెనకున్న గట్టు చూస్తాడు, అవతల ఇంటి దీపం చూస్తాడు. అతను "కయోటీ" అని పేరు పెట్టి చెప్పేదాకా సేఫ్టీ మీద వేలు పడకూడదు. "కళ్లు" అంటే కాల్చమని కాదు, "అదే అదే" అన్నా కాదు. పేరు చెప్పలేకపోతే లైటు పక్కకు తిప్పేస్తాడు, అక్కడితో అయిపోయింది. మీలో పెద్దవాడూ బాగా గురి ఉన్నవాడూ రైఫిలు పట్టుకుంటానంటాడు, సహజం. నా మాట విని ఆ పెద్దవాడికి లైటివ్వండి.

గట్టు అన్నాను కదా. మీ లైటు మహా అయితే మూడు వందల గజాలు చూపిస్తుంది. చిన్న .22 గుళ్ల పెట్టె మీదే మైలున్నర దూరం దాకా ప్రమాదమని అచ్చువేసి ఉంటుంది, మీరు వాడేవి దానికంటే చాలా వేగమైనవి. దిబ్బ మీద, ఆకాశానికి ఎదురుగా కళ్లు వెలిగితే వెనక ఏముందో ఎవరికీ తెలియదు. అది కయోటీ అని లైటువాడు ప్రమాణం చేసినా ఆ గుండు పేల్చకూడదు. 2010లో న్యూజిలాండ్‌లో బండి మీంచి లైటు వేసి జింకల కోసం వెతుకుతున్నవాళ్లకు ఒక శిబిరం దగ్గర మెరుపు కనపడింది. జింక కళ్లనుకున్నారు. అది నిద్రపోయే ముందు పళ్లు తోముకుంటున్న ఒక యువతి తలకు కట్టుకున్న హెడ్‌ల్యాంపు. ఆమె చనిపోయింది, కాల్చినవాడు జైలుకు పోయాడు. వాళ్లేమీ రాక్షసులు కారు. మీలాంటి, నాలాంటి స్నేహితులే.

పొరపాటుకు మనుషులే బలికానక్కర్లేదు. తూర్పు నార్త్ కరొలినాలో ఎర్ర తోడేళ్లని ఒక జాతి ఉంది. 1987లో వాటిని మళ్లీ అడవిలోకి వదిలారు. ప్రపంచం మొత్తమ్మీద అడవిలో అవి బతుకుతున్నది అక్కడే. చూడటానికి కయోటీకి అన్నలా ఉంటాయి. 2012లో ఆ రాష్ట్రం కయోటీలను రాత్రిపూట లైటుతో వేటాడొచ్చని అనుమతించింది. కయోటీ అనుకుని తోడేళ్లను కాలుస్తున్నారని వన్యప్రాణుల సంఘాలు కోర్టుకెళ్లాయి. 2014లో ఆ తోడేళ్లుండే ఐదు కౌంటీల్లో కోర్టు కయోటీ వేటను ఆపింది, ఆ ఏడాది చివర్లో జరిగిన రాజీతో రాత్రివేట అక్కడ నిషిద్ధమైంది. మన రాష్ట్రం సంగతికొస్తే, దక్షిణాన లగూనా అటస్కోసా చుట్టుపక్కల ఓసెలాట్లనే మచ్చల అడవిపిల్లులు మిగిలి ఉన్నాయి, దేశం మొత్తానికి వంద కూడా లేవు. బాబ్‌క్యాట్‌కు తోక పొట్టి, ఓసెలాట్‌కు పొడుగు. ఎదురుగా కూర్చున్న పిల్లికి తోక కనపడుతుందా? వచ్చే నెల అదే ప్రాంతానికి, రియో గ్రాండే వ్యాలీ వైపు పోదామని అనుకుంటున్నారు కాబట్టి ఇది మీకోసమే రాశాను.

ఇక కాగితాల సంగతి, కొంచెం ఓపిక పట్టండి. టెక్సస్‌లో కయోటీని ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో, రాత్రైనా పగలైనా కొట్టొచ్చు, లైటూ వాడొచ్చు. అదే లైటు జింక మీద వేసి వేటాడితే నేరం. మీ లైటు, మీ రైఫిలు, రోడ్డు పక్క పికప్, ఎదురుగా జింకలు — ఈ నాలుగూ కలిసి కనపడితే వేట చట్టాలు చూసే అధికారి, గేమ్ వార్డెన్, ఏమనుకోవాలి? వెళ్లేముందు ఆ కౌంటీ వార్డెన్‌కు ఒక ఫోన్ చేసి ఫలానా చోట ఫలానా వేళ ఉంటామని చెప్పండి. రెండు నిమిషాల పని. పక్క రాష్ట్రంలో ఇవే నియమాలని అనుకోకండి. ఒకచోట ఏ లైటైనా సరే అంటారు, ఒకచోట కొన్ని నెలలే అంటారు, ఒకచోట అసలు వద్దంటారు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు ఇక్కడ హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ తప్పనిసరి. మీ నలుగురూ ఆ లెక్కలోకే వస్తారు.

మీలో ఇద్దరు హెచ్-1బీ మీద ఉన్నారు. వాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. వలసేతర వీసా మీద ఉన్నవాడి దగ్గర తుపాకీ ఉండటమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపుల్లో మనకు పనికొచ్చేది చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు. టెక్సస్ ఏడాది లైసెన్సు ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబరు 1 పొద్దున్న కొత్తది తీసుకోకుండా అల్మారాలో రైఫిలుంటే మీ మినహాయింపు కూడా పోయినట్టే. స్నేహితుడి రైఫిలు చేతిలోకి తీసుకున్నా ఇదే లెక్క. "కయోటీకి లైసెన్సెందుకన్నా, మందను పాడుచేస్తుంటే అక్కర్లేదు కదా" అని ఒకరు అన్నారు ఆ రాత్రి. పౌరుడికి ఆ వాదన ఎక్కడైనా చెల్లొచ్చు. నీకు ఆ లైసెన్సు కయోటీ కోసం కాదు తమ్ముడూ, రైఫిలు ముట్టుకోవటం కోసం. గ్రీన్‌కార్డు వరసలో ఇన్నేళ్లు నిలబడి దీనికి పోగొట్టుకుంటావా?

థర్మల్ స్కోపు కొంటే ఈ గొడవలన్నీ తీరతాయని మీరు లెక్కలేసుకుంటున్నారని తెలుసు. కొనుక్కోండి, మంచి వస్తువే. కానీ కాపలా కుక్క ఒంటి వేడి, కయోటీ ఒంటి వేడి దానికి ఒకేలా కనపడతాయి. అది కూడా రైఫిలుకే బిగిస్తే మళ్లీ గేటు కొక్కెం దగ్గరికే వస్తాం.

వచ్చే అమావాస్య వారంలో మళ్లీ వెళ్తున్నామని చెప్పారు. నన్ను పిలవండి, వస్తాను. ర్యాంచి యజమానితో ముందు నేను మాట్లాడతాను, కుక్కలెన్ని, పశువులు ఏ దొడ్లో ఉన్నాయి, పనివాళ్ల ఇల్లు ఎటువైపు, అన్నీ పగలే చూసుకుందాం. మీ రైఫిళ్ల మీద లైట్లు విప్పడానికి చిన్న ఆలెన్ కీ కావాలి, అది నా దగ్గరుంది. రైఫిలు తేను. చేతి లైటు తెస్తాను, పట్టుకుని కూర్చుంటాను.

ఇట్లు,
కొక్కెం దగ్గర నిలబడ్డ మీ అన్న